వండితేనే పిడికెడు

సహోదరులారా, సహోదరీలారా, మోకాళ్ళు నిలబడనివ్వడం లేదు, కూర్చునే చెబుతాను, కూర్చున్నవాళ్ళ మాట కూడా ప్రభువు వింటాడు! మాది తొర్రూరు. నా భర్త మార్కెట్‌లో హమాలీ, ఎంత బరువైనా నవ్వుతూ ఎత్తిన మనిషి, ఊపిరితిత్తులు చెడిపోయి వరంగల్ దవాఖానలో నెల రోజులు పడి నా చేతుల్లోనే పోయాడు. పిల్లలు లేరు మాకు. సమాధి చేసి ఇంటికి వచ్చాక నేను పొయ్యి ముట్టించలేదు. ఎవరి కోసం వండాలి? పక్కింటివాళ్ళు ఇస్తే ఇంత చాయ్, ఒక బిస్కెట్, అంతే, రోజంతా గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని, ప్రార్థన కూడా ఒకటే, "తండ్రీ, నన్ను గూడ తీస్కపో, నాతోని ఇగ ఎవ్వలికీ పని లేదు."

మన సంఘంలో పిడికెడు బియ్యం సంగతి మీకు తెలుసు, వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం, శనివారం మన మరియమ్మవ్వ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి లేనివాళ్ళకు పంచుతుంది. ఆ శనివారం మా ఇంటికీ వచ్చింది. నా డబ్బా ఖాళీ. సిగ్గేసింది నాకు. మూలన విప్పని రేషన్ బియ్యం సంచి ఉంటే, మొత్తం ఆమె ముందుకు జరిపి, "తీస్కపో అవ్వా, నాకెందుకు" అన్నాను. పెద్ద దానం చేశాననే అనుకున్నాను, చూడండి!

అవ్వ ఆ సంచి ముట్టలేదు.

"గిది నాకొద్దు బిడ్డా. సావబోయేదాని బియ్యం నేనెట్ల తీస్కపోత? వండుకుంట తీస్తెనే అది పిడికెడు. ఎసరు పెట్టు, పిడికెడు తియ్యి, మిగిలింది వండుకొని తిను. అందాక నేను ఈడికెల్లి కదల" అని గడపలో కూర్చుంది, అంత ముసలి మనిషి, ఎండలో ఊరంతా తిరిగి వచ్చి!

నాకు కోపం వచ్చింది, అబద్ధం చెప్పను. ఆమెను వెళ్ళగొట్టడానికే పొయ్యి ముట్టించాను. పిడికెడు తీశాను. ఉప్పూ కారం కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాక ఏడుపు ఆగలేదు. ఆయన పోయాక నేను ఏడ్చింది అదే మొదటిసారి.

మర్నాడు వండబుద్ధి కాలేదు. కానీ వండకపోతే పిడికెడు లేదు, పిడికెడు లేకపోతే ఎవరింట్లోనో ఆ మేరకు తక్కువవుతుంది కదా అనిపించి లేచాను. ఆకలి నన్ను లేపలేదు, ఇయ్యాలన్న ఆలోచనే లేపింది. అట్లా రోజూ, మూలుగుతూ, నన్ను నేను తిట్టుకుంటూ లేచాను. చావు కోరిన నోటికి అన్నం పెట్టించిన దేవునికే మహిమ!

అలసట పోయిందని చెప్పను. ఆయన లేని ఇల్లు ఇప్పటికీ బరువే. పోయిన వానాకాలం అవ్వ మంచాన పడింది, ఆ సంచి నా భుజానికి వచ్చింది, ఆ పిడికెళ్ళతోనే జావ కాచి ఇప్పుడు అవ్వకు పోస్తున్నాను. నిన్న చెంచా దగ్గరికి తెస్తే నోరు తెరవలేదు.

"నువ్వు తిన్నవా బిడ్డా?"

"తిన్నంకనే తెచ్చిన అవ్వా."

అప్పుడు తాగింది.

మీలో ఎవరింట్లోనైనా పొయ్యి చల్లారి ఉంటే, ప్రభువును నమ్మి ఇవాళ ఎసరు పెట్టండి. శనివారం నేను వస్తాను. సంచి మొత్తం ఇస్తే మాత్రం తీసుకోను.