అబుదాబిలో హెన్రిక్ గారి చేయి లేచిన సాయంత్రం

ఆదివారం పన్నెండున్నరకు బర్ దుబాయ్‌లో మా టైలర్ షాపు షట్టర్ దించి, గుబైబా బస్ స్టేషన్‌కు నడిచాను. అబుదాబి బస్సుకు కార్డు గీకితే చాలు, పాతిక దిర్హాములు.

ఈ ప్రయాణానికి కారణం ఒక కోటు. పది రోజుల కిందట హెన్రిక్ గారనే స్వీడన్ పెద్దాయన నల్లకోటు పట్టుకుని షాపుకు వచ్చారు. వాద్యబృందానికి ఎదురుగా నిలబడి, చేతులతో వాళ్లను నడిపించే కండక్టర్ ఆయన. వాళ్లు వాయించేది బరోక్ సంగీతం, యూరప్‌లో మూడు వందల ఏళ్ల కిందటిది. ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయిందట.

“చేయి ఎత్తితే కోటు పట్టేస్తోంది. ఈసారి అబుదాబిలో ఎత్తలేకపోతే అదే నా ఆఖరి కచేరీ” అన్నారు.

మా నాన్న ప్రొద్దుటూరులో లాల్చీలకు వేసినట్టే, చేయి పట్టకుండా లేచేలా చంకలో చదరపు గుడ్డముక్క వేశాను. కుడుతున్నంతసేపూ ఆయన స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పారు. మొదట్లో హాల్లో పదిమంది కూడా ఉండేవారు కాదట. “పాతబడింది పాట కాదు, మేము వినిపించే తీరు” అని తెలిశాక హాల్లో దీపాలు ఆర్పడం మానేశారు, ప్రతి పాటకు ముందు జనంతో మాట్లాడటం మొదలుపెట్టారు, బడుల్లో, ఓడరేవు షెడ్లలో కూడా వాయించారు. వెళ్తూ నాకో టికెట్ ఇచ్చారు.

బస్సులో పక్క సీటాయనది జగిత్యాల.

“ఏడికన్నా?”

“ఒక కండక్టర్ని చూడ్డానికి.”

“ఈడ బస్సులల్ల కండక్టర్లే లేరు గదనే!”

విషయం చెప్పాను. “మూడు వందల ఏండ్ల పాటలా? గవి ఎవలింటరన్నా?” అన్నాడు. నాకూ ఆ అనుమానమే.

రెండున్నరకు దిగి, పరోటా తిని, చాయ్ తాగి, టాక్సీలో హాలుకు చేరాను. నాలుగింటికి మొదలయ్యేసరికి ఒక్క సీటూ ఖాళీ లేదు.

చివరి పాటకు ముందు హెన్రిక్ గారు మావైపు తిరిగారు. “కింద, మంద్రంలో, నాలుగు స్వరాలు మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటాయి. వాటిని పట్టుకోండి. మిగతావి తప్పిపోయినా ఫర్వాలేదు.”

పట్టుకున్నాను. నిజంగానే దొరికాయి! ఇంతలో ఆయన కుడిచేయి లేచింది. భుజం దాకా వచ్చి ఒక్క క్షణం ఆగింది. అంతలోనే అది తల దాటి పైకి వెళ్లింది. కోటు ఎక్కడా పట్టలేదు.

బయట నన్ను చూసి గట్టిగా నవ్వారు. “ఖలాస్ అనుకున్నాను మాస్టర్, కాలేదు! వచ్చే నెల మస్కట్‌లో కచేరీ ఉంది.”

ఆరున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. ఇన్నేళ్లలో షాపు పనులకు, కాగితాల మీద ముద్రలకు అబుదాబి చాలాసార్లు వెళ్లాను. ఊరికే కూర్చుని వినడానికి వెళ్లింది ఇదే మొదటిసారి. ఇలాంటి కచేరీకి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మధ్య సీట్ల కోసం పాకులాడకండి. పక్కగా కూర్చుంటే ఆ చేతులు బాగా కనిపిస్తాయి.