ముందు కడితేనే వెలుగు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేము ఎమ్మిగనూరులో ఒక ఎరువుల వ్యాపారి ఇంటి వెనక భాగంలో అద్దెకు ఉండేవాళ్లం. ఊరందరికీ కరెంటు బిల్లు వాడుకున్నాక వచ్చేది. మాకు మాత్రం ఆ మహానుభావుడి పుణ్యమా అని ముందే కట్టాల్సి వచ్చేది. మా భాగానికి చిన్న మీటరు పెట్టించి, దాని ఫ్యూజు తన వరండాలో బిగించుకున్నాడు. మేము కట్టింది అయిపోయిందని తనకు అనిపిస్తే చాలు, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని అంగడికి పోయేవాడు. ఏం తెలివండీ!

మా అమ్మ గుంటమగ్గం మీద చీరలు నేసేది. ఆ గదికి కిటికీ లేదు. బల్బు వెలిగితేనే పోగు కనిపించేది, చీర దిగితేనే మాకు బియ్యం. లైటు ఆర్పాక కూడా ఆయన వచ్చి, బల్బు వెచ్చగా ఉందేమోనని చేత్తో పట్టి చూసేవాడు. సిగ్గనేది ఏ కోశానా లేదు.

ఒక వేసవిలో తన కూతురి పెళ్లికి చీర నేయమని మా అమ్మకే చెప్పాడు. "కూలి చీర దిగినాక ఇస్తాలేమ్మా, యాడికి పోతాం?" అన్నాడు. సగం కూడా కాకముందే మళ్లీ ఫ్యూజు పీకాడు. మగ్గం ఆగింది, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. పోయి అడుగుతానంటే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

కొన్నాళ్లకు ఆయనే వచ్చాడు.

"చీర యాడిదాకా వచ్చిందమ్మా? పెండ్లి దగ్గర పడతాండాది."

"యాడుండేది ఆడే ఉండాదన్నా. చీకట్లో ఎట్ల నేసేది?"

గొణుక్కుంటూ పోయి ఫ్యూజు పెట్టి వచ్చాడు. లైటు వెలిగినా అమ్మ కదల్లేదు.

"ఇంగేమి?"

"కూలి ముందియ్యన్నా. ఎన్ని మూరలకిస్తే అన్ని మూరలు నేస్తా."

ఆయన ముఖం చూడాలి! "మా మీద నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకమట! మా వెలుతురు జేబులో వేసుకుని తిరిగిన మనిషి నోట ఆ మాట! చివరికి రెండు మూరల కూలి తీసి విసురుగా ఇచ్చిపోయాడు. అమ్మ మగ్గం గుంటలోకి దిగింది.

మరునాడు ఆయన భార్య చీర చూడటానికి వచ్చేసరికి అమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తోంది. మగ్గం మీద, అంచులో పువ్వు సగానికి నిలిచిపోయి ఉంది.

"అయ్యో, ఇదేంది? పువ్వు సగమే ఉండాది!"

"మీ ఆయనిచ్చిన దుడ్లు ఆడికే అయిపోయినాయక్కా," అంది అమ్మ, రొట్టె తిరగేస్తూ.