కువైట్ వెళ్ళొచ్చిన క్యాసెట్టు

పిన్ని పోయిందన్న కబురు మా వీధి చివర మందుల షాపు ఫోనుకి వచ్చింది. షాపాయన సైకిలు దిగకుండానే "అమ్మగారున్నారాండీ" అని అడిగాడు. తీరా అమ్మ బయటికొచ్చాక, "కువైట్ నించి ఫోనండి, మళ్ళీ చేస్తారంటండి" అని ఊరుకున్నాడు. ఆయనకి అప్పటికే తెలుసు, చెప్పడానికి నోరు రాలేదంతే. అమ్మ పరిగెత్తింది, వెనకాల నేను. అవతల మాట్లాడినావిడ రాజోలు దగ్గర ఊరావిడ, పిన్ని ఉన్న వీధిలోనే ఇంకో ఇంట్లో పనిచేస్తుంది. నిద్రలోనే పోయిందట. గుండె అన్నారట. భూస్థాపన కూడా అక్కడే అయిపోయిందట. ఫోను పెట్టేశాక అమ్మ నా వైపు తిరిగి, "గుంట దగ్గర మనవాళ్ళెవరైనా ఉన్నారో లేదో అడిగేనా నేను?" అంది. అడగలేదు.

మనిషి పోతే మా వైపు ఇంటినిండా పని ఉంటుంది. పెట్టె చేయించాలి, గుంట తవ్వించాలి, దూరం నించి వచ్చేవాళ్ళకి కాఫీలు కాయాలి. ఆ హడావుడిలో ఏడుపు కాస్త పంచుకున్నట్టవుతుంది. మాకు ఆ పనేదీ లేకపోయింది. పాస్టరుగారు కుర్చీలో పిన్ని ఫొటో పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు. ఫొటో మళ్ళీ గోడకి తగిలించేశాం. ఆ తరవాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

పిన్ని అమ్మకి చెల్లెలు. నేను హైస్కూల్లో ఉండగా కువైట్‌లో ఒకరింట్లో వంటకి కుదిరింది. అంతకుముందు మా చర్చిలో ఆడవాళ్ళ పాటలన్నీ ఆవిడే ఎత్తుకునేది. ఉత్తరాలంటే చిరాకు. "రాస్తే నేను నాలా ఉండనే" అనేది. అందుకని క్యాసెట్టు మీద మాట్లాడి, సెలవుకి వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేది. అప్పట్లో మా వైపు గల్ఫుకి మనిషిని పంపిన ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఆదివారం చర్చి నించి వచ్చాక ఇంటిల్లిపాదీ టేపురికార్డరు చుట్టూ కూర్చునేవాళ్ళం. జవాబు చెప్పే వంతు వస్తే, కువైట్ దూరం కదా అని అమ్మమ్మ దాని ముందు గట్టిగా అరిచేది.

మొదటి సెలవుకి పిన్ని పెద్ద టేపురికార్డరుతో పాటు ఆ ఇంటి కుర్రాడు వద్దనుకున్న ఇంగ్లీషు పాటల క్యాసెట్లు కొన్ని తెచ్చింది. మా రాక్ బ్యాండు వాటిలోంచే పుట్టింది. అన్నయ్య గిటారు, వాడి స్నేహితుడు సుధాకర్ డ్రమ్ములు, పిన్ని పంపిన బుల్లి కీబోర్డుతో నేను. పాడేదీ నేనే. సుధాకర్ వాళ్ళ కొబ్బరి డొక్కల పాకలో రికార్డు చేసుకునేవాళ్ళం. చుట్టూ పీచు డొక్కలు గుట్టలుగా పోసుంటే గొంతు గింగురుమనదు. డ్రమ్ములు గుమ్మం దగ్గర, గిటారు మధ్యలో, నేను టేపురికార్డరుకి మూతి ఆనించినంత దగ్గరగా. కరెంటు ఉన్నంతసేపే సంగీతం.

రికార్డు చేసింది ఎవరికి వినిపించాలి? అక్కడే వచ్చింది చిక్కు. మా అమలాపురంలో ఎవరూ ఎవరి మొహం మీదా బాగులేదని అనరు. పాట సగంలో ఉండగానే "ఆయ్, బాగుందండీ" అనేస్తారు. సుధాకర్ వాళ్ళ నాన్నగారు చెవులు మూసుకుని మరీ బాగుందన్నారు. మా కాలేజీ లెక్చరరుగారొకరు, టేపు పెట్టకముందే అన్నారు.

అందుకే పిన్నికి పంపేవాళ్ళం. క్యాసెట్టుకి ఒక వైపు మా పాటలు, రెండో వైపు ఆవిడ జవాబు. అది రావడానికి నెలలు పట్టేది. వచ్చాక ముగ్గురం పాకలో కూర్చుని వినేవాళ్ళం. వెనకాల గిన్నెల చప్పుడు, కుళాయి నీళ్ళు, మధ్యలో పిన్ని గొంతు.

"బాగుందని చెప్పడానికి కువైట్ దాకా ఎందుకే, మీ వీధిలో లేరా చెప్పేవాళ్ళు?" అదీ మొదటి జవాబు మొదటి మాట. తరవాత ఒక్కొక్కరినీ వరసగా పిలిచేది. "ఒరేయ్ పెద్దోడా, ఆ గిటారు మీద కోపం ఉంటే బయట తీర్చుకో, పాటలో కాదు. సుధాకరూ, నువ్వు మంచి కుర్రాడివే నాయనా, కానీ దాని నోట్లో మాట పూర్తవనీ. ఇహ నువ్వు. ఆ ఇంగ్లీషు పాటలో నోరెవరిదే? నీది మటుకు కాదు. నేను ఉల్లిపాయలు కోస్తూ విన్నాను. కత్తి ఆగలేదు. ఆగాలి కదా ఎక్కడో అక్కడ."

అన్నయ్య లేచి బయటికెళ్ళిపోయాడు. "ఉల్లిపాయలు కోసుకునే ఆవిడకి గిటారు గురించేం తెలుసు" అని గుమ్మంలోంచి ఒక మాట విసిరాడు. సుధాకర్ మాత్రం తనని మంచి కుర్రాడన్నందుకు మురిసిపోతూ, ఆ ముక్క ఇంకోసారి వెయ్యమన్నాడు. సాయంత్రానికి అన్నయ్య తిరిగొచ్చి, గిటారు తీగలు శ్రుతి చేసుకున్నాడు.

ఆవిడ చెప్పిందల్లా వేదమని నేననను. ఒకసారి పాటంతా ఈడుస్తున్నారని చెడామడా తిట్టింది. మేము మళ్ళీ మళ్ళీ పాడుకుని చూసుకున్నాం, ఎక్కడా ఈడ్చినట్టు లేదు. తరవాతి క్యాసెట్టులో, "బ్యాటరీలు మార్చేనే. మీ తప్పు కాదు, నా టేపే నెమ్మదిగా తిరిగింది. అయినా నిజం చెప్పనా, నెమ్మదిగా ఉన్నప్పుడే బాగుంది" అంది. ఆవిడ నోట బాగుంది అన్న మాట మేము విన్నది ఆ ఒక్కసారే, అదీ మేము పాడని పాట గురించి.

క్యాసెట్టు మాత్రం ఒక్కటే తిరిగేది. ఆవిడ జవాబు విన్నాక దాన్ని చెరిపి ఆ వైపే మా కొత్త పాట ఎక్కించి పంపేవాళ్ళం, ఆవిడ అవతలి వైపున్న మా పాత పాట మీద జవాబు చెప్పేది. అలా చెయ్యమన్నదీ ఆవిడే. "నా మాటలు దాచుకుని ఏం చేసుకుంటారు, ఊరగాయా? వాటి మీదే పాడండి" అనేది. అమ్మకి చెప్పిన కబుర్లు, అమ్మమ్మకి చెప్పిన మందుల పేర్లు, నన్ను డిగ్రీ మధ్యలో మానొద్దని చెప్పిన బుద్ధులు, అన్నిటి మీదా మేము పాడేశాం. మాలో ఎవరికీ అది తప్పని తోచలేదు. మనిషి అక్కడ ఉంది కదా, మళ్ళీ మాట్లాడుతుంది.

కిందటేడు మొదటిసారి మా సొంత పాట కట్టాం, తెలుగులో. గోదారి రేవులో పంటు దాటిపోతే ఒడ్డున మిగిలిపోయిన పిల్ల పాట. రాసింది నేనే. దాని మీద మాలో మాకు పెద్ద గొడవైంది. డ్రమ్ములు ఉండాలని అన్నయ్య, వద్దని నేను. ఎవరి పక్షం తీసుకోవాలో తెలియక సుధాకర్, తన డ్రమ్ముల గురించే అయినా, "మీరెలా అంటే అలాగేనండి" అని కూర్చున్నాడు. రాజమండ్రిలో క్యాసెట్లు వేసి అమ్మే ఒకాయన పాట తెమ్మన్నాడు. ఏది ఇవ్వాలి? చివరికి రెండు రకాలుగానూ రికార్డు చేసి పిన్నికి పంపి, ఆవిడ ఏదంటే అదేనని ఒప్పందం చేసుకున్నాం. "ఈసారి ఏదో ఒకటి బాగుందని నువ్వు అనాల్సిందే పిన్నీ" అని చివర నేను కలిపాను. జవాబు కోసం ఎదురుచూస్తుండగానే మందుల షాపాయన వచ్చాడు.

రాజోలావిడ సెలవుకి వస్తూ పిన్ని సామాను తెచ్చింది. రెండు చీరలు, బైబిలు, చిన్న టేపురికార్డరు, అందులోనే ఉండిపోయిన మా క్యాసెట్టు. "వంటింట్లో కిటికీ మీద ఉందండి. మరి విన్నారో లేదో నాకు తెలీదండి" అందావిడ. అమ్మ చీరలు ముట్టుకోలేదు. "అది పెట్టండ్రా" అంది.

రెండో వైపు తిప్పి పెట్టాం. గిన్నెల చప్పుడు వచ్చింది. తరవాత పిన్ని.

"ఆఁ, ఉన్నారా అందరూ? విన్నానే, రెండూ విన్నాను. ఇదిగో, ముందు నీకు చెబుతాను, ఏమనుకోకు..."

లోపలి నించి ఎవరో అరబ్బీలో పిలిచారు. పిన్ని అదే భాషలో ఏదో బదులు చెప్పింది. టక్కుమని ఆగింది. ఆ వెంటనే, ఎప్పుడో ఆ వైపు మేము పాడిన, ఆవిడ మాట ఇంకా చెరపని ఇంగ్లీషు పాట, సగంలోంచి, నా గొంతుతో బయటికొచ్చి పడింది. అన్నయ్య ఆపబోతే అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. ఇంకా ఉందేమోనని చివరిదాకా తిప్పించింది. లేదు. మేమే ఉన్నాం.

ఏమనుకోకు అంటే నా పాట బాగులేదనా? లేక ఆ నీకు అన్నది అన్నయ్యనా, నా మాటే నెగ్గిందనా? మేము ముగ్గురం ఆ కొంచెం ముక్క వినివిని, ఇప్పుడు ఆ గొంతులో ఉన్నది నవ్వో విసుగో కూడా పోల్చుకోలేకుండా ఉన్నాం. రాజమండ్రి ఆయనకి రెండూ వినిపించాం. "ఆయ్, రెండూ బాగున్నాయండి. మీ ఇష్టం ఏదైతే అది" అన్నాడు. 

ఆ వారమే అమ్మ క్యాసెట్టు వీపున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకుల గురించి సుధాకర్‌ని అడిగి తెలుసుకుంది. అవి విరిస్తే దాని మీద ఇంక రికార్డవదు. జడలోంచి పిన్ను తీసి, రెండూ విరిచేసి, క్యాసెట్టు మా పెద్ద టేపురికార్డరులో పెట్టేసింది. మాకెవరికీ చెప్పలేదు, పక్క గదిలోంచి నేను చూశాను.

నిన్న సాయంత్రం అన్నయ్య గిటారు ఒళ్ళో పెట్టుకుని, అలవాటు కొద్దీ రికార్డు చేసే ఎర్ర మీట నొక్కాడు. అది దిగలేదు. కరెంటు లేదనుకున్నాడు, లైటు చూస్తే వెలుగుతోంది. గిటారు పక్కన పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. గుమ్మంలో అమ్మ చూస్తూ నిలబడింది. నేనూ చూస్తూనే ఉన్నాను. వాడు నొక్కుతూనే ఉన్నాడు.