తలుపుల్లేని కోట

2020 చలికాలం. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఆర్కిటెక్చర్ చదివే గిరిజ, ఆన్‌లైన్ క్లాసులో చర్చించాల్సిన ఒక పెయింటింగ్ మీద వారమంతా కష్టపడింది. మబ్బుల్లోకి లేచిన మహాకోట, గాలిలో వేలాడే మెట్లు. కమానుల మీదే పన్నెండు పేజీలు రాసుకుంది.

క్లాసులో రూమ్మేట్ ఫర్హా ఒక్క మాటే అంది. “ఇంత కోటకు ఒక్క తలుపూ లేదు. కట్టినవాడే లోపల చిక్కుకున్నాడు.”

ప్రొఫెసర్ మురిసిపోయాడు. గిరిజకు ఒళ్లు మండింది.

“నీకెట్ల తోచిందే?” అని అడిగింది తర్వాత.

“మొన్న పద్నాలుగు రోజులు క్వారంటైన్‌ల ఉన్నం గదా, అదే యాదికొచ్చింది.”

ఆ గదిలో తనూ ఉంది. అందుకే ఇంకా కుళ్లుకుంది.

సాయంత్రం ఫర్హా ఆ పన్నెండు పేజీల నోట్స్ అడిగితే, “డిలీటైపోయినయ్” అనేసింది గిరిజ.

“అయ్యో, అంత కష్టపడి రాసినవ్! నా దాంట్ల ఏమన్న పనికొస్తే తీసుకో,” అంటూ ఫర్హా తన కాగితాలు ముందుపెట్టింది.

గిరిజ ఆమె ముఖం చూడలేకపోయింది. నోట్స్ మాత్రం ఇవ్వలేదు.