తుపాకీ గొట్టాలకు మరలు కలిపిన రోజులు

మొన్న ఆదివారం మా అల్లుడు బేస్‌మెంట్‌లోకి దిగి వచ్చి, వేటకని కొత్తగా కొన్న రైఫిలూ, గొట్టం కొసకు బిగించడానికి ఆన్‌లైన్‌లో తెప్పించిన చిన్న అడాప్టరూ బల్ల మీద పెట్టి, "మామయ్య గారూ, ఇది దీనికి ఫిట్ అవుతుందంటారా?" అన్నాడు. గొట్టం కొసన మరలు తడిమి, అడాప్టర్‌ను దాని దరికి చేర్చకుండానే పక్కన పెట్టేశాను. వయసు మీద పడిందనుకున్నాడు పాపం. ఎక్కడైనా షాపులో చూపించు నాయనా, నా మాట మీద మాత్రం బిగించకు అని పంపేశాను.

ఎడ్మంటన్ వచ్చిన కొత్తల్లో ఒక తుపాకుల షాపులో నేను చేరింది ఈ పనికే. హైదరాబాద్ ఐటీఐలో మిల్లీమీటర్లలో లేత్ పని నేర్చుకున్న నాకు ఇక్కడి అంగుళాల లెక్క వంటబట్టడానికి రెండు చలికాలాలు పట్టింది. సరిహద్దు అవతల సైలెన్సర్ బిగించడానికని గొట్టం కొసన మరలు కోసిన రైఫిళ్లు ఇక్కడికి వచ్చేవి. ఈ దేశంలో సైలెన్సర్ నిషిద్ధం కనుక, భుజానికి తగిలే తన్ను తగ్గించే బ్రేక్ అనే బోలు ముక్కను ఆ మరలకు బిగించమనేవారు వేటగాళ్లు. మా ఫోర్‌మన్ నాకు తండ్రి వయసువాడు, నా డబ్బాలోని గోంగూర పచ్చడిని బ్రెడ్డుకు రాసుకుని చెమటలు కక్కుతూ తినేవాడు. ఆయనది ఒకటే నియమం: పానా ముట్టుకోకుండా వేళ్లతోనే చివరిదాకా తిరగాలి, తిరగలేదంటే కొలత కలవనట్టే.

ఒక ఏడు వేట సీజన్ ముందు తొందరలో, చూపుకు ఒకటేలా ఉన్న మిల్లీమీటర్ల మరలున్న బ్రేక్‌ను అంగుళాల మరలున్న గొట్టానికి ఎక్కించాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. చెత్త అడ్డుపడిందనుకుని నూనె చుక్క వేసి పానాతో లాగితే ఎక్కి కూర్చుంది. వేళ్లతో తిప్పి చూశావా అని ఫోర్‌మన్ అడిగితే, చూశానన్నాను.

కొన్నవాడు మొదటి తూటా కాల్చేటప్పుడు పక్కన ఫోర్‌మన్ నిలబడటం మా షాపు ఆనవాయితీ. వంకరగా కూర్చున్న బ్రేక్‌ను తూటా రాసుకుని, అందులోంచి ఒక పెచ్చు ఎగిరి, కళ్లద్దాల పక్క సందులోంచి ఆయన కుడి కంటికి తగిలింది. ఆ కన్ను పోయింది. బిగించింది తానేనని ఆయన యజమానికి చెప్పాడు. నా వర్క్ పర్మిట్ ఆ షాపు పేరు మీదే ఉందని, పని పోతే నేను దేశం విడవాల్సిందేనని ఆయనకు తెలుసు. ఫోర్‌మన్ పని తీసేసి, పార్సెళ్లు కట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. కొన్నాళ్లకు ఆయన సొరుగులో ఆ బ్రేక్ కనిపించింది. పానా పళ్లు దిగిన చోట గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఉంది. ఆయన పానా ముట్టడని షాపులో అందరికీ తెలుసు కనుక, ఆ గుర్తులు యజమాని కంట పడకముందే రుద్దేశాడన్నమాట.

ఆ తరువాత ఏడేళ్లు పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. ఇక్కడే స్థిరంగా ఉండనిచ్చే పీఆర్ వచ్చాక చెబుదామనుకున్నాను, వచ్చింది. సిటిజన్‌షిప్ వచ్చాక అనుకున్నాను, అదీ వచ్చింది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఒక మార్చిలో ఆయన పోయాడు. నా పిరికితనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించదు.

ఇవాళ ప్రతి విడిభాగం మీదా కొలత అచ్చువేసి వస్తోంది, చూశావా అని ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. మా రోజుల్లో అడిగేవారు, చెప్పిన మాట నమ్మేవారు. నా మాట నమ్మే ఆయన వెళ్లి ఆ రైఫిల్ పక్కన నిలబడ్డాడు.