బాబాయ్‌కి రోడ్డు చెప్పిన రోజులు

లారీ నడపడం నేర్చుకుంటానని చెప్పినప్పుడు మా ఆవిడ నవ్విన నవ్వు పక్కింటికి కూడా వినిపించి ఉంటుంది. "కుట్టుమిషను తొక్కే కాళ్లు, క్లచ్ తొక్కుతాయా?" అంది. తొక్కాయి. తొక్కక ఏం చేస్తాయి? జనమంతా రెడీమేడ్ బట్టలకు ఎగబడితే, నా కొట్టుకు వచ్చేవాళ్లు జిప్పు మార్పించుకునేవాళ్లూ, ప్యాంటు కింద మడత విప్పించుకునేవాళ్లూనే. కొట్టు మూసేశాను. మిషను మీద పాత దుప్పటి కప్పి, లారీల కంపెనీలో చేరాను. లైసెన్సు వచ్చింది కదా అని ఎవడూ బండి చేతికివ్వడు. సీనియర్ డ్రైవరు పక్కన కూర్చుని రోడ్డు శిక్షణ పూర్తి చేయాలి. ఆయన సంతకం పెడితే మనకో బండి, పెట్టకపోతే ఇంటికి.

నన్ను బాబాయ్‌కి అప్పగించారు. యార్డులో అందరికీ ఆయన బాబాయే, మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు. అరవై దాటిన మనిషి, గట్టి పిండం. మొదటి రోజు పొద్దున్నే టైర్లను ఇనపరాడ్డుతో కొట్టుకుంటూ, ఆ చప్పుడు విని గాలి సంగతి తేల్చేస్తూ, నా వైపు తిరగకుండానే అడిగాడు.

"ఇంతకు ముందు ఏం చేసేవాడివిరా?"

"టైలర్ని బాబాయ్."

"అయితే కత్తెరవి. ఎక్కు."

ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మా ఆవిడ కూడా అలాగే పిలుస్తోంది.

బాబాయ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆయన నడిపేటప్పుడు పక్క సీట్లో కూర్చున్నవాడు ఊరుకోకూడదు. రోడ్డు మీద ఏం కనిపిస్తే అది పైకి చెబుతూనే ఉండాలి. "ఎడమ పక్క సైకిలు. ముందు బస్సు, బ్రేకు లైట్లు వెలిగాయి. దూరంగా ఎవరో దాటుతున్నారు, ఆడమనిషి, చేతిలో సంచి." ఇలా పూటంతా. "ముందు నోటితో నడపడం నేర్చుకో, చేతులకు అదే వస్తుంది" అనేవాడు. యార్డులో సగంమంది డ్రైవర్లు ఆయన చేతి కింద తయారైనవాళ్లే. వాళ్లు భోజనానికి కూర్చున్నప్పుడు కూడా "కుడి పక్క మంచినీళ్ల గ్లాసు" అంటారని ఒక హాస్యం. నాకు మాత్రం హాస్యంగా లేదు. సాయంత్రానికి దవడలు పీకేవి. ఇంటికొచ్చి నోరు విప్పకపోతే అలిగానని మా ఆవిడ అలిగేది.

అయినా, నేర్పడంలో ఆయన్ని కొట్టేవాడు లేడు. ఆ మాట కోపంలో కూడా ఒప్పుకుంటాను. ట్రైలరును వెనక్కి నడపడం అంత పెంకి పని ఇంకోటి లేదు. అది కుడికి వెళ్లాలంటే స్టీరింగు ఎడమకు తిప్పాలి. నేను తిప్పింది చూసి ట్రైలరు ఎటో చూసేది, అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడిలాగా. "తొందరపడకు. కొంచెం తిప్పు, ఆగు, అది ఏమంటుందో విను" అనేవాడు బాబాయ్. ఒకసారి గోడౌన్ దగ్గర స్తంభానికి తగలబోతుంటే నేను అద్దంలో చూసేలోపే "ఆపు" అన్నాడు. ఎలా తెలిసిందంటే, గోడ దగ్గరపడితే ఇంజను చప్పుడు మారుతుందన్నాడు. ఈ మనిషికి చెవుల్లో కూడా కళ్లున్నాయని మురిసిపోయాను. నా తెలివి తెల్లవారినట్టే ఉంది.

శిక్షణ సగం దాటాక ఒక పొద్దున నాకు గొంతు పోయింది. వేడినీళ్లు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, ఏం లాభం లేదు. ఆ పూట స్టీరింగు బాబాయ్‌ది. గోడౌన్ గేటు దాటగానే "చెప్పరా" అన్నాడు. నా గొంతు చూపించి చెయ్యి ఊపాను. ఆయన తల తిప్పలేదు. "చెప్పరా కత్తెరా, నిద్రపోతున్నావా?" ఆయన చెయ్యి తట్టి, గాలి తప్ప మాట రాని నోటితో "గొంతు పోయింది" అన్నాను. ఆ మాట వినగానే ఆయన కాలు ఆక్సిలరేటరు మీద తేలికపడింది. బండి ఎడ్లబండి నడక పట్టింది. వెనక వాళ్లంతా హారన్లు కొడుతూ, తిట్టుకుంటూ పక్కనుంచి పోతున్నారు.

ముందు ఒక వ్యాను వెళ్తోంది. ఇనపచువ్వలు వెనక్కి పొడుచుకొచ్చి, చివర ఎర్రగుడ్డ కట్టి ఉన్నాయి. వ్యాను ఆగింది. మేం ఆగలేదు. ఇప్పుడు బ్రేకు వేస్తాడు, ఇప్పుడు వేస్తాడు అనుకుంటున్నాను. ఎర్రగుడ్డ మా అద్దం మీదకు వచ్చేస్తోంది. అరుద్దామంటే గొంతు లేదు. అరచేత్తో ముందు డ్యాష్‌బోర్డు మీద దబదబా బాదాను. బండి కీచుమని ఆగింది. చువ్వలకూ మా అద్దానికీ మధ్య జానెడు జాగా కూడా లేదు.

బాబాయ్ స్టీరింగు వదలకుండా, చాలా చిన్నగా అడిగాడు. "ముందు ఏముందిరా?"

టైలర్ని కదా, కళ్లు పోవడం నేను ఎరగనిదా? నాకు పని నేర్పిన ముసలాయన పొద్దున్నే నా చేత గుప్పెడు సూదుల్లో దారం ఎక్కించి దిండుకు గుచ్చిపెట్టించుకునేవాడు. నాకు చేయి తిరగడానికే అని చెప్పేవాడు. అప్పుడు గుర్తొచ్చాయి అన్నీ. బాబాయ్ టీ గ్లాసును బల్ల మీద చెయ్యి పాకించి అందుకోవడం, మనతో మాట్లాడుతూ మన చెవి వైపు చూడటం.

బండి పక్కకు తీయించి, టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టాను. దాచలేదు ఆయన.

"నడిమధ్యలో పొగ కమ్మినట్టు ఉంటుందిరా. పక్కలు కనిపిస్తాయి. రోడ్డు అంచు గీత కనిపిస్తుంది. కళ్లద్దాలతో పోయేది కాదన్నాడు డాక్టరు."

"మరి కంటి పరీక్ష ఎలా పాసవుతున్నావు?" వేడి టీ పడ్డాక కాస్త పెగిలిన బొంగురు గొంతుతో అడిగాను.

"ఏళ్ల తరబడి అదే బోర్డు. ఆ అక్షరాలు నాకు కంఠతా వచ్చు."

నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. "నవ్వుతావేంటి బాబాయ్? మానేసి ఇంట్లో కూర్చోవచ్చు కదా."

"మీ పిన్ని పోయాక ఇంట్లో ఏముందిరా, నాలుగు గోడలు. అవీ కనిపించవు. ఇక్కడైతే పక్కన ఎవడో ఒకడు కూర్చుని లోకమంతా చెబుతుంటాడు."

"ఎవరైనా చస్తే?"

గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "అందుకే కదరా చెప్పమనేది" అన్నాడు చివరికి.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అప్పుడు తెలిసింది నాకు. చెబితే ఆయన బతుకు పోతుంది. చెప్పకపోతే రోడ్డు మీద ఎవడి బతుకో పోతుంది. మొత్తం నేనే నడుపుతాను దిగమందామంటే, శిక్షణలో ఉన్నవాడు రోజుకు ఒక పూటకు మించి నడపకూడదని కంపెనీ నియమం, పూట దాటితే నా తాళంతో బండి కదలదు. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె కూర తరుగుతున్న కత్తిపీట పక్కన పెట్టింది. "మన పిల్ల బడికి పోయేది ఆ రోడ్డు దాటే" అంది.

మర్నాడు మేనేజరు గదికి వెళ్లాను. శిక్షణ పోతే పోయిందనుకునే వెళ్లాను. అంతా విని, ఆయన లేచి తలుపు వేశాడు.

"తెలుసు" అన్నాడు.

"తెలిసీ బండి ఇస్తున్నారా సార్?"

"ఒంటరిగా ఎప్పుడైనా పంపించామా? శిక్షణలో పెడితే పక్కన ఎప్పుడూ ఒకడు ఉంటాడని అక్కడ పెట్టాం. నాకు బండి నేర్పింది కూడా ఆయనే. మానేయమని చెబుదామని రెండుసార్లు పిలిచాను. వచ్చి ఈ కుర్చీలోనే కూర్చున్నాడు. నోరు రాలేదు నాకు. నీకు వస్తే నువ్వే చెప్పు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు సార్ అన్నాను, అంతే. లైసెన్సుల ఆఫీసుకు కూడా వెళ్లాను. కిటికీ వెనక మనిషి కంప్యూటరు చూసి "కంటి పరీక్ష పాసయ్యాడని ఉంది, ఇంకేంటి మీ బాధ?" అని, నా వెనక ఉన్నవాణ్ణి ముందుకు రమ్మన్నాడు. పాసయ్యాడు మరి. మిగిలిన శిక్షణంతా, గొంతు తిరిగి రాగానే, నోటికి సెలవన్నది లేకుండా చెప్పాను. కాకి ఎగిరినా చెప్పాను. మునుపు విసుక్కుంటూ చెప్పేవాణ్ణి, ఇప్పుడు భయంతో చెప్పాను. ఇంతకంటే నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఆఖరి రోజు బాబాయ్ బండి దిగి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మేనేజరుకు చెప్పావటగా."

"చెప్పాను బాబాయ్."

"మంచి పని చేశావు. నేనైనా అదే చేసేవాణ్ణి. ఏదీ ఆ కాగితం, సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఆయన వేలు పట్టుకుని గీత మీద పెట్టాను. సంతకం చేశాడు. నేను లారీ డ్రైవర్ని అయ్యాను. మా ఆవిడ యార్డు గేటు దగ్గరే నిలబడి, బండిని చుట్టూ తిరిగి చూసి, "దీనికి కప్పిన ఇంత గుడ్డతో ఎన్ని చొక్కాలు వస్తాయో" అంది. నవ్వాను కానీ మనసు అక్కడ లేదు.

బాబాయ్ పక్కకు కొత్తవాడు వచ్చాడు. అంతకు ముందు ఏదో బ్యాంకులో రాత్రి కాపలా పని చేసేవాడట. ఏళ్ల తరబడి పగలు పడుకున్న మనిషి. వాణ్ణి పక్కకు పిలిచి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. నోరు మూసుకోకు, కునుకు తీయకు అని చేతులు పట్టుకున్నాను. "అలాగే అన్నా, నా ప్రాణం కూడా అందులోనే ఉంది కదా" అన్నాడు. నిజమే అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఎండ చుర్రుమంటోంది. నా బండి నిండా సరుకు, రోడ్డు మధ్యలో గోడ. అవతలి వైపు నుంచి మా కంపెనీ బండి ఎదురొస్తోంది. బాబాయ్ బండే. స్టీరింగు ముందు నిటారుగా ఆయన. పక్క సీట్లో కొత్తవాడి తల అద్దానికి ఆనుకుని ఉంది, నోరు తెరుచుకుని, కళ్లు మూసుకుని. హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు నేను. వాడు కదల్లేదు. క్షణంలో దాటిపోయారు.

నేను ఎక్కడ తిప్పుకోను? ట్రైలరును అక్కడ తిప్పడం దేవుడి తరం కూడా కాదు. వీలైన చోట పక్కకు ఆపి బాబాయ్‌కి ఫోన్ చేశాను. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తడు. కొత్తవాడికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మేనేజరుకు చేశాను. "చూస్తాను" అన్నాడు, ఆ గొంతులోనే తెలిసిపోయింది ఏమీ చూడలేడని. మళ్లీ బండి ఎక్కి నడిపాను. రోడ్డు మీద కనిపించిన ప్రతి సంచీ, ప్రతి సైకిలూ అవతలి వైపు బాబాయ్ బండికి అడ్డంగా ఉన్నట్టే అనిపించింది.

సాయంత్రం సరుకు దింపుతుంటే బాబాయే ఫోన్ చేశాడు. ఆ పేరు చూసి నా ప్రాణం లేచొచ్చింది.

"మేనేజరుతో గోల పెట్టావట. కంగారెందుకురా నీకు? నిన్ను చూశాను కదా నేను. తెల్లచొక్కా వేసుకుని దొరబాబులా వెళ్తున్నావు."

నా ఒంటి మీద ఉన్నది ముదురాకుపచ్చ చొక్కా, నేనే కుట్టుకున్నది. హమాలీలు బస్తాలు మోస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఫోన్‌లో ఆయన ఊపిరి వినిపిస్తోంది, నేను ఏమంటానో అని ఎదురుచూస్తున్నట్టు.

"తెల్లదే కదరా?" అన్నాడు మళ్లీ.

"అవును బాబాయ్, తెల్లదే" అన్నాను.