సింహాద్రి తాత చూసిన పడవ

పాతికేళ్ళకు పైగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. దాంతోనే పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, భర్తను పోగొట్టుకున్నాను, విమానమెక్కి కువైట్ వచ్చాను. ఇక్కడ రుమైథియాలో ఒక ఇంట్లో వంటా ఇల్లూ చూసుకుంటూ ఎన్నో ఏళ్ళు గడిపాను. ఊరు వదిలితే అదీ వదిలిపోతుందనుకున్నాను. పోలేదు. ఈ మధ్యనే దాన్ని బయటపెట్టాను. అందుకే ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. మిగిలినవాళ్ళ పేర్లు కూడా ఇక్కడ మార్చాను. మా ఊళ్ళో మాత్రం అసలు పేర్లతోనే చెప్పేశాను.

మాది కాకినాడకు ఉత్తరాన, సముద్రం ఒడ్డునున్న జాలరి పేట. మా తాత పడుచువాడుగా ఉన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. జపాన్ వాళ్ళు బర్మా దాకా వచ్చేశారు. వాళ్ళ యుద్ధనౌకలు ఎప్పుడు మన తీరం మీదికొస్తాయో తెలియక తెల్లదొరలు హడలిపోతున్నారు. తీరం పొడవునా కనిపెట్టుకుని చూసే మనుషులు కావలసివచ్చారు. నేవీ దొర ఒకడు దుబాసీని వెంటబెట్టుకుని మా పేటకు వచ్చి ఇద్దరిని ఎంచుకున్నాడు. ఒకరు మా తాత. రెండోవాడు సింహాద్రి తాత, మా తాతకు వరసకు అన్న. ఇసక దిబ్బ మీద తాటాకు మంచె కట్టించారు. నల్లటి అట్టలతో కత్తిరించిన ఓడల బొమ్మలు చూపించి, ఏది సరుకు ఓడో ఏది జపాన్ యుద్ధనౌకో, విమానాలు మోసే ఓడ పైభాగం ఎలా చదునుగా ఉంటుందో నేర్పించారు. ఓడలు కనిపిస్తే ఒకడు మంచె దిగకుండా అవి ఎన్నో, ఎటు పోతున్నాయో చూస్తూ ఉండాలి. రెండోవాడు పక్క ఊరి తపాలా ఆఫీసుకు పరుగెత్తి ఫోనులో కబురు చెప్పాలి. అది నేవీ వాళ్ళకు చేరుతుంది. చూసింది పెళ్ళానికి కూడా చెప్పకూడదని ఇద్దరిచేతా ఒట్టు వేయించుకున్నారు.

తాత జన్మంతా ఆ ఒట్టు చాటునే దాక్కున్నాడని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

తర్వాత జరిగింది మా పేటలో పిల్లాపాపలందరికీ తెలుసు. లేదా, తెలుసనుకున్నారు. జపాన్ ఓడలు వచ్చాయి. సరుకు ఓడల్ని తగలబెట్టి ముంచేశాయి. వాటిలో మా పేట మగవాళ్ళు కొందరు కళాసీలుగా పనిచేస్తున్నారు. వాళ్ళు తిరిగి రాలేదు. మా మంచె నుంచి కబురు వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదంటే, సింహాద్రి జపాన్ వాళ్ళకు అమ్ముడుపోయాడు, ఒడ్డున నిలబడి తెల్లగుడ్డ ఊపుతూ వాళ్ళకు సైగలు చేశాడు, మా తాత వచ్చి పట్టుకున్నాడు. ఇదీ కథ. సింహాద్రి తాతను తీసుకుపోయి జైల్లో పెట్టారు. యుద్ధం ముగిశాక వదిలారు. తిరిగొచ్చేసరికి ఒక చెవి వినపడేది కాదట. ఆ తర్వాత ఏ పడవవాడూ అతన్ని వేటకు పిలవలేదు. వాళ్ళింటికి జపానోళ్ళ ఇల్లని పేరు పడిపోయింది. నేను పుట్టేసరికి ఆయన లేడు గానీ ఆ పేరుంది. చిన్నప్పుడు మేమంతా ఆ ఇంటి ముందు నుంచి పరుగెడుతూ జపానూ, జపానూ అని అరిచేవాళ్ళం. నేనూ అరిచాను. అందరికంటే గట్టిగా అరిచేదాన్ని. పంద్రాగస్టు రోజున మా మేష్టారు నన్ను ముందుకు పిలిచి, జపాన్ గూఢచారిని పట్టించినాయన మనవరాలని అందరికీ చూపించేవారు కదా.

నాకు ఇంకా పెళ్ళి కాని రోజుల్లో తాత మంచం పట్టాడు. ఆయనకు అన్నం కలిపి పెట్టడం, మంచినీళ్ళు తాగించడం నా పని. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. అమ్మా వాళ్ళు చేపలు ఆరబెట్టడానికి వెళ్ళారు. తాత నా చెయ్యి పట్టుకుని, పడవుందే, అన్నాడు. ఏ పడవ తాతా అన్నాను. అప్పుడు చెప్పాడు.

ఆ రోజు ఆయన మంచె మీద లేడు. కొత్తగా పెళ్ళయిన మా నాయనమ్మ పుట్టింట్లో ఉంది. ఆమెను చూసి తెల్లారేలోగా వచ్చేస్తానని సింహాద్రి తాతతో చెప్పి వెళ్ళాడు. రాలేదు. బాగా పొద్దెక్కాక పరుగెత్తుకుంటూ దిబ్బ ఎక్కేసరికి సముద్రం మీద పొగలు లేస్తున్నాయి. సింహాద్రి తాత ఒక్కడే ఉన్నాడు. మంచె దిగి ఫోను దగ్గరికి పోతే ఓడల్ని చూసేవాడుండడు, పోకపోతే కబురు చెప్పేవాడుండడు. మా తాత వస్తాడు వస్తాడని చూస్తూనే ఉన్నాడు. ఈలోగా తగలబడిన ఓడలోంచి ఒక చిన్న పడవ ఒడ్డు వైపు కొట్టుకొస్తూ కనిపించింది. నిండా మనుషులు. మా దగ్గర అలలు చెడ్డవి. కొత్తవాళ్ళు ఎక్కడపడితే అక్కడ ఒడ్డుకు రాబోతే పడవ బోల్తా కొడుతుంది. అలలు తక్కువగా ఉండే చోటికి వాళ్ళను మళ్ళించడానికి సింహాద్రి తాత తలగుడ్డ విప్పి ఊపాడు. మా తాత దాన్ని కళ్ళారా చూశాడు. పడవనూ చూశాడు, అందులో మనుషులనూ చూశాడు. కానీ నీటి వాలు దాన్ని దక్షిణానికి లాక్కుపోయింది. అది ఎక్కడ తేలిందో, వాళ్ళేమయ్యారో ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం నేవీ దొర వచ్చి, కబురెందుకు పంపలేదని గద్దించాడు. తాను రాత్రంతా మంచె మీద లేనని చెబితే జైలు తప్పదని మా తాతకు తెలుసు. నేను కాసేపు దిగి వచ్చేసరికి ఇతను సముద్రం కేసి గుడ్డ ఊపుతున్నాడు, అన్నాడు. గుడ్డ ఊపిన మాట నిజమే. మరి పడవుందంటున్నాడే, అని దొర అడిగించాడు. పడవ నాకు కనిపించలేదు దొరా, అన్నాడు తాత. ఆ ఒక్క ముక్కతో అన్న బతుకు పోయింది.

తాత నాతో అన్న ఆఖరి మాట ఇది. సత్తెమ్మకు చెప్పు. సత్తెమ్మ అంటే సింహాద్రి తాత కూతురు. నాకు అత్త వరస. చెబుతానని మాటిచ్చాను.

తాత పోయిన కొద్ది రోజులకే సత్తెమ్మత్త మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. నేను నూతి దగ్గర గిన్నెలు తోముతుంటే దడి అవతల నిలబడింది.

"మీ తాత పోయేముందు మా అయ్య గురించి ఏటైనా సెప్పాడామ్మా?"

"లేదత్తా. ఏమీ చెప్పలేదు."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. అంతే. అదీ నేను చేసింది.

ఎందుకలా అన్నాను? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నాకు నేను ఒక్కో జవాబు చెప్పుకున్నాను. జాలర్ల సంఘానికి కట్టిన కొత్త భవనానికి తాత పేరు పెట్టబోతున్నారు. మా నాన్న ఆ సంఘానికి పెద్ద. ఇల్లంతా సందడిగా ఉంది. నేను నోరు విప్పితే అంతా పోతుంది. ఇది ఒక జవాబు. కబురు సమయానికి వెళ్ళినా ఆ ఓడలు మునిగే ఉండేవేమో, ఇప్పుడు తవ్వుకుని లాభమేమిటి, అనేది ఇంకొకటి. వీటన్నిటి కింద ఉన్న అసలు జవాబు ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. గూఢచారిని పట్టించినాయన మనవరాలిగా ఉండటం నాకు ఇష్టం. ఆ గొప్ప పోగొట్టుకోవడం ఇష్టం లేక, ఒక ఆడమనిషిని దడి అవతలి నుంచే పంపించేశాను. తాత జైలు భయంతో అబద్ధమాడాడు. నాకు ఏ భయం ఉందని?

తర్వాత సత్తెమ్మత్త పెద్దకొడుక్కి కుదిరిన సంబంధం జపానోళ్ళ ఇల్లన్న మాట విని తప్పిపోయింది. అతను ఊరొదిలి పోయి మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకు మిగిలినవాళ్ళూ సామాను సర్దుకుని కాకినాడ వెళ్ళిపోయారు. మంచాలు, వలలు ఎక్కించిన ట్రాక్టరు మా వీధిలోంచే పోయింది. నేను అరుగు మీద నిలబడి చూశాను. అప్పుడైనా వెనక పరుగెత్తి ఉండవచ్చు. పరుగెత్తలేదు.

కువైట్ వచ్చిన కొత్తలో నాకు వీసా ఇచ్చిన మొదటి కఫీల్ ఇంట్లో చాలా ఇబ్బంది పడ్డాను. ఇక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా చేయించలేదు, జ్వరమొచ్చినా పడుకోనిచ్చేవారు కాదు. ఆ సమయంలో నన్ను మంగఫ్‌లో తన గదికి తీసుకుపోయి, గంజి కాచిపోసి, ఇప్పుడున్న ఇల్లు చూసిపెట్టిన మనిషి నాగరత్నం. కంపెనీ క్యాంపుల్లో శుభ్రం చేసే పని ఆమెది. జ్వరం తగ్గి లేచి కూర్చున్నాక మాటల్లో తెలిసింది, ఆమె సత్తెమ్మత్త కూతురని; పేటలో ఎప్పుడో చూసిన ముఖం, నేను గుర్తుపట్టలేదు. నేనెవరి మనవరాలినో ఆమెకు అప్పటికే తెలుసు. తెలిసే నన్ను తెచ్చుకుంది. అమ్మ ఎప్పుడూ మీ తాతని ఒక్క మాట కూడా తిట్టలేదు వదినా, అంది. ఆ మాటకు గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ తర్వాత ఎన్నో శుక్రవారాలు ఆమె గదిలో కలిసి వండుకున్నాం, తిన్నాం. చెప్పడానికి ఎన్ని శుక్రవారాలున్నాయో చూడండి. ఒక్కటీ నాకు కుదరలేదు.

ఈ మధ్య ఇక్కడ యుద్ధం మాటలు ఎక్కువయ్యాయి. సైరన్లు మోగించి పరీక్షించారు. ఓడల ఫొటోలు తీయొద్దని, ఉన్నవీ లేనివీ పంపుకోవద్దని ఫోన్లలో సందేశాలు తిరిగాయి. ఆ శుక్రవారం మధ్యాహ్నం నాగరత్నం వాళ్ళమ్మకు ఫోను చేసి, భయమేమీ లేదని చెబుతోంది. నేను పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. స్పీకరులో సత్తెమ్మత్త గొంతు వినిపించింది.

"మీరుండేది సముద్రం పక్కనంటన్నావు కదే. ఎవరూ అటుకేసి సెయ్యూపకండి. గుడ్డలు కూడా అటేపు ఆరెయ్యకండి."

నాగరత్నం నవ్వింది. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఎనభై దాటిన మనిషి ఆ మాట అంటోంది. ఇంకొక్క క్షణం ఆగితే మళ్ళీ ఏదో సాకు దొరుకుతుందని నాకు తెలుసు. ఫోను అందుకున్నాను.

"అత్తా, నేను. ఆ రోజు దడి దగ్గర నువ్వడిగితే లేదన్నాను. అబద్ధం. తాత చెప్పాడు. నీకు చెప్పమని కూడా అన్నాడు."

నాగరత్నం నవ్వు ఆపేసింది.

"పడవుందా?" అంది సత్తెమ్మత్త.

"ఉందత్తా. తాత కళ్ళారా చూశాడు. నిండా మనుషులు. సింహాద్రి తాత వాళ్ళకి దారి చూపించడానికే గుడ్డ ఊపాడు."

"మా అయ్య ఆఖర్లో అడిగేవోడే. ఒలే సత్తెమ్మా, పడవుందంటావా, నానే లేంది సూసేనంటావా అని. ఉందిలే అయ్యా అనేదాన్ని. నమ్మేవోడు కాదు. నాను సూడలేదు కదా, నా మాటెలా నమ్ముతాడు?"

నేను క్షమించమన్నాను.

"అప్పుడే సెప్పుంటే మా పెద్దోడు ఊళ్ళోనే ఉండేవోడు. నాకు సెప్తే ఏటొస్తాది ఇప్పుడు. ఊళ్ళో సెప్పు," అని ఫోను పెట్టేసింది.

జైలు సంగతి, చెవి సంగతి నాకు తెలుసు. ఒక మనిషి తన కళ్ళను తానే నమ్మకుండా చచ్చిపోయాడని మాత్రం తెలియదు.

నాగరత్నం లేచి టీ గ్లాసులు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. నా వైపు చూడకుండా, నీ బస్సు వేళయింది వెళ్ళు, అంది. వదినా అనలేదు.

బస్సులో కూర్చుని ముందు మా తమ్ముడికి చెప్పాను. ఇప్పుడు సంఘం వాడి చేతుల్లో ఉంది. చచ్చినోళ్ళని ఇప్పుడు లేపి ఏం చేస్తావని కసిరాడు. నీ కోసం చెప్పడం లేదురా అన్నాను. తర్వాత మా పేటవాళ్ళంతా ఉండే వాట్సాప్ గ్రూపులో నా గొంతుతో మొత్తం చెప్పాను. మంచె, పడవ, తాత లేకపోవడం, దొరతో అన్న మాట, సత్తెమ్మత్తతో నేనన్న మాట. ఎక్కడా ఏడవలేదు. రుమైథియా వచ్చేసరికి పూర్తయింది.

కొందరు నన్ను తిట్టారు. తాత పరువు తీశానన్నారు. ఒక పెద్దాయన మాత్రం, మా చిన్నాన్న ఆ ఓడల్లోనే పోయాడు, ఇన్నేళ్ళూ తిట్టకూడని మనిషిని తిట్టాం, అని చెప్పాడు. తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. భవనం మీద పేరు సంగతి మాట్లాడటానికి వచ్చే నెల పెద్దలు కూర్చుంటారట. ఉంచుతారో తీసేస్తారో వాళ్ళిష్టం.

నాగరత్నం ఒకసారి ఫోనెత్తింది. అమ్మ బాగానే తింటోందని చెప్పి పెట్టేసింది. ఆ ఒక్క మాటైనా చెప్పిందని సంతోషించాను. క్షమించావా అని అడగలేదు. అడిగితే మళ్ళీ నా కోసం వాళ్ళనేదో ఇమ్మన్నట్టవుతుంది.

కానీ మీతో నిజం చెప్పాలి, అందుకే కదా రాస్తున్నాను. నాకు తేలిగ్గా ఉంది. సిగ్గుపడాల్సినంత తేలిగ్గా ఉంది. అన్నం రుచి తెలుస్తోంది. నిన్న వంటింట్లో నేను ఏదో కూనిరాగం తీస్తుంటే మామా, అంటే ఈ ఇంటి యజమానురాలు, తలుపు దగ్గర నిలబడి, నీకు పాడటం వచ్చని ఇన్నేళ్ళూ నాకు తెలియదే, అంది. నాకూ తెలియదన్నాను. చేసిన తప్పు చేసినట్టే ఉంది, అది ఎక్కడికీ పోదు. దాచడం మాత్రం, ఇక్కడివాళ్ళు అన్నట్టు, ఖలాస్.